హై-రెస్ పాట నిజంగా బాగుందా? మీ డ్యాక్‌తో ఇంట్లోనే తేల్చుకునే పద్ధతి

రెండేళ్ల కిందట ఒక చిన్న డ్యాక్, అంటే ఫైల్లోని అంకెలను శబ్దంగా మార్చి హెడ్‌ఫోన్స్‌కు పంపే పెట్టె, కొన్నాను. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, ఖరీదు నాలుగంకెల్లోనే. అట్టపెట్టె మీద 32 బిట్, 768 కిలోహెర్ట్జ్ అని పెద్ద అక్షరాలతో ఉంది. ఇంకేం, 192 కిలోహెర్ట్జ్ హై-రెస్ ఫైళ్లు, అంటే సీడీని మించిన అంకెలున్నవి, సంపాదించి ఆరు నెలలు మురిసిపోయాను. తంబూరా తీగలు నాలుగూ విడివిడిగా వినిపిస్తున్నాయంటూ ఇంటికొచ్చిన ప్రతి మనిషినీ కూర్చోబెట్టి వినిపించాను. ఒకరోజు ఇంకేదో పనిమీద ల్యాప్‌టాప్‌లో సౌండ్ సెట్టింగ్స్ తెరిస్తే అక్కడ 16 బిట్, 48,000 హెర్ట్జ్ అని ఉంది. అంటే అన్నాళ్లూ ఒక్క హై-రెస్ ఫైల్ కూడా ఉన్నది ఉన్నట్టుగా నా డ్యాక్ దాకా వెళ్లలేదన్నమాట. మరి నాకు వినిపించిన ఆ నాలుగు తీగల సంగతేమిటి?

ఆ సిగ్గులోంచి పుట్టిందే ఈ పద్ధతి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఒకే మాస్టర్ (స్టూడియోలో తయారైన చివరి రికార్డింగ్) నుంచి వచ్చిన 24 బిట్ 96 కిలోహెర్ట్జ్ ఫైలుకూ, దాన్నే సరిగ్గా సీడీ స్థాయికి (16 బిట్ 44.1 కిలోహెర్ట్జ్) దించిన ఫైలుకూ తేడా మామూలు డ్యాక్‌లో దాదాపు ఎవరికీ దొరకదు. నా మాట నమ్మక్కర్లేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం కేటాయిస్తే మీకే తెలుస్తుంది.

ముందు రెండు అంకెల సంగతి

శాంపిల్ రేట్ అంటే సెకనుకు ఎన్నిసార్లు శబ్దాన్ని కొలిచారన్నది. అందులో సగం దాకా ఉన్న ఫ్రీక్వెన్సీలన్నీ ఫైల్లో పూర్తిగా నిలుస్తాయి. సీడీకి 44,100 కాబట్టి 22,050 హెర్ట్జ్ దాకా అన్నమాట. మనిషి చెవి పసితనంలో 20,000 దాకా వింటుంది, నలభై దాటినవాళ్లకు 15,000 దగ్గర వినిపిస్తే సంతోషించాలి. ఈ 44,100 అనే వింత అంకె ఎక్కడిదంటే, తొలిరోజుల్లో డిజిటల్ శబ్దాన్ని వీడియో టేపుల మీద దాచేవారు. సెకనుకు 60 ఫీల్డులు, ఒక్కోదానిలో 245 గీతలు, గీతకు మూడు శాంపిళ్లు. గుణించి చూసుకోండి.

ఫైల్లో శబ్దం మెట్లుమెట్లుగా ఉంటుందనీ, శాంపిళ్లు పెరిగితే మెట్లు నున్నబడతాయనీ బొమ్మలు వేసి చూపిస్తుంటారు. అది తప్పు. డ్యాక్‌లోని ఫిల్టర్ దాటి బయటికొచ్చేసరికి 44.1 అయినా 192 అయినా నున్నటి అలే వస్తుంది. పైగా ఇప్పటి చవక చిప్పులు కూడా సీడీ ఫైలులోని శాంపిళ్లను లోపల ఎన్నో రెట్లు పెంచుకున్నాకే (దీన్నే ఓవర్‌శాంప్లింగ్ అంటారు) శబ్దంగా మారుస్తాయి. 1980ల మొదట్లో ఫిలిప్స్ తొలి సీడీ ప్లేయర్లలో ఉన్నది 14 బిట్ చిప్పే. నాలుగు రెట్ల ఓవర్‌శాంప్లింగ్‌తో దానిచేతే 16 బిట్ల పని చేయించారు.

బిట్ల లెక్క వేరు. ఫైల్లో అట్టడుగున ఉండే సన్నటి సొద ఎంత కిందికి పోతుందో అవి చెబుతాయి. బిట్‌కు సుమారు 6 డెసిబెల్స్. 16 బిట్లంటే 96, 24 బిట్లంటే 144. ఇప్పుడు మీ గదికి రండి. తలుపులు వేసుకున్నా ఫ్యాన్ తిరుగుతుంటే 40 డెసిబెల్స్ దగ్గర చప్పుడు ఉంటుంది. ఆ చప్పుడుకు సమానంగా 16 బిట్ల సొద వినిపించాలంటే పాటలోని పెద్ద శబ్దం 136 డెసిబెల్స్ ఉండాలి. అంత సౌండ్ పెడితే చెవులు పోతాయి. మరో మాట: 32 బిట్ అని రాసుకున్న డ్యాక్‌కైనా కొలిస్తే వచ్చేది 110 నుంచి 120 డెసిబెల్స్, అంటే 18 నుంచి 20 బిట్లు. అట్టపెట్టె మీది అంకె చిప్పు ఎలాంటి ఫైలును మింగగలదో చెబుతుంది, అంతే.

1. ఫైల్ అసలుదో కాదో చూడండి

గిన్నెడు పాలను బిందెలో పోసినంత మాత్రాన బిందెడు పాలు కావు. మార్కెట్లో హై-రెస్ పేరుతో తిరిగే ఫైళ్లలో ఇలాంటి బిందెలు చాలా ఉన్నాయి. స్పెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దించుకుని ఫైలును అందులోకి లాగి వదలండి. రంగుల పటం వస్తుంది. అడుగున బరువైన శబ్దాలు, పైన కీచు శబ్దాలు. 96 కిలోహెర్ట్జ్ ఫైల్లో రంగు 22 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోయి పైనంతా నల్లగా ఉంటే అది సీడీని సాగదీసిన ఫైలు. 16 దగ్గర ఆగితే ఎవరో 128 కేబీపీఎస్ ఎంపీ3ని ఫ్లాక్‌గా (నాణ్యత పోకుండా కుదించే ఫైలు) మార్చి వాట్సాప్‌లో పంపారని అర్థం. 20 దగ్గర ఆగితే అది బహుశా 320ది. పైన ఎక్కడో సన్నటి అడ్డగీత ఒకటే కదలకుండా ఉంటే అది సంగీతం కాదు, ఏదో యంత్రం మోత.

పాత పాటల విషయంలో ఆశలు తగ్గించుకోవాలి. ఘంటసాల పాడిన 1950ల పాటల మూలం టేపో, ఫిల్మ్ మీది సౌండ్‌ట్రాకో. మంచి అనలాగ్ టేపు కూడా మామూలుగా 60, 70 డెసిబెల్స్ పరిధిలోనే ఉంటుంది, అంటే 12 బిట్ల లోపు. దాన్ని 24 బిట్లలో దాచుకోవడం మంచిదే, రేపు మరమ్మతు చేసేవాళ్లకు పనికొస్తుంది. వినేవాడికి అందులో అదనంగా దొరికేది టేపు బుస.

ఇక యూట్యూబ్‌లో '24 బిట్ రీమాస్టర్డ్' అని పేరుపెట్టిన పాటలను మీ లెక్కలోంచి తీసేయండి. అప్‌లోడ్ చేసినవాళ్లు ఏది ఎక్కించినా మీకు చేరేది 128 నుంచి 160 కేబీపీఎస్ దగ్గర కుదించిన శబ్దమే.

2. దారి సరిచేయండి

నేను బోల్తాపడ్డది ఇక్కడే కాబట్టి నిదానంగా చదవండి.

విండోస్‌లో పాట నేరుగా డ్యాక్‌కు పోదు. మధ్యలో సిస్టమ్ మిక్సర్ ఉంటుంది. సౌండ్ సెట్టింగ్స్‌లో ఏ రేటు పెట్టి ఉంటే అన్ని పాటలనూ ఆ రేటుకే మార్చి పంపుతుంది. దాన్ని తప్పించాలంటే ఫూబార్2000 అనే ఉచిత ప్లేయర్ పెట్టుకుని, ప్రిఫరెన్సెస్‌లో ప్లేబ్యాక్, దాని కింద అవుట్‌పుట్ తెరవండి. మీ డ్యాక్ పేరు పక్కన 'ఎక్స్‌క్లూజివ్' అని ఉన్న వరస ఎంచుకోండి. సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి ఒక గుర్తు ఉంది: పాట నడుస్తుండగా ఇంకే యాప్‌లోనూ సౌండ్ రాకూడదు. డ్యాక్‌కు తెర ఉంటే రేటు అందులోనే కనిపిస్తుంది, కొన్నింటిలో లైటు రంగు మారుతుంది. మ్యాక్‌లో అయితే ఆడియో మిడి సెటప్‌లోకి వెళ్లి రేటు మీరే మార్చుకోవాలి.

ఆండ్రాయిడ్ ఫోన్లు మామూలుగా అన్నిటినీ 48 కిలోహెర్ట్జ్‌కు తిప్పేస్తాయి. ఆండ్రాయిడ్ 14 నుంచి ఉన్నదున్నట్టు పంపే వీలు వచ్చింది, కానీ ఫోనూ యాపూ రెండూ దాన్ని వాడుకోవాలి. లేదంటే యూఎస్‌బీ ఆడియో ప్లేయర్ ప్రో లాంటి యాప్ కావాలి. ఐఫోన్‌లో ఆపిల్ మ్యూజిక్ 2021 జూన్ నుంచి లాస్‌లెస్ (నాణ్యత పోని) ఫైళ్లు ఇస్తోంది. అయితే సెట్టింగ్స్‌లో ఆడియో క్వాలిటీలోకి వెళ్లి మనమే ఆన్ చేయాలి. 48 దాటిన ఫైళ్లకు బయటి డ్యాక్ తప్పనిసరి. ఆపిల్ వాళ్లే అమ్మే చిన్న డాంగిల్ కూడా 24 బిట్ 48 దగ్గర ఆగిపోతుంది. వినడానికి అది చాలా మంచి డాంగిల్, ఈ పరీక్షకు మాత్రం చాలదు.

బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ పక్కన పెట్టేయండి. ఎల్‌డ్యాక్ అనే బ్లూటూత్ పద్ధతి గరిష్ఠంగా 990 కేబీపీఎస్ ఇచ్చినా అది కుదించిన శబ్దమే, పైగా డ్యాక్ హెడ్‌ఫోన్స్ లోపలే ఉంటుంది. డ్యాక్ మీద ఎంక్యూఏ అనే హై-రెస్ ఫార్మాట్ గుర్తు ఉంటే దాని కోసం అదనంగా డబ్బు పెట్టకండి. ఆ సంస్థ 2023లో దివాలా అంచుకు వెళ్లి చేతులు మారింది, టైడల్ అనే పాటల స్ట్రీమింగ్ సర్వీసు కూడా 2024లో దాన్ని వదిలేసింది.

ఆఖరుగా ఈక్వలైజర్, బాస్ బూస్ట్, వాల్యూమ్ నార్మలైజేషన్ అన్నీ ఆపేయండి.

3. డ్యాక్ ఆరోగ్యం చూడండి

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఏ శబ్దమూ లేని ఫైలు నడిపించి, మీరు రోజూ వినే వాల్యూమ్‌లో చెవులు రిక్కించి వినండి. బుస వినిపిస్తే మీ ఇయర్‌ఫోన్స్‌కు ఆ డ్యాక్ జోడీ కుదరలేదు. 'గుయ్' మంటూ మోత వస్తే ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. మన ఇళ్లలో ఇది మామూలే. రెండు పిన్నుల చార్జర్ పెట్టి ల్యాప్‌టాప్ లోహపు ఒంటి మీద మణికట్టు ఆనిస్తే జిల్లుమంటుంది చూడండి, ఆ లీకేజీయే యూఎస్‌బీ వైరు గుండా స్పీకర్లలోకి వస్తుంది. మూడు పిన్నుల చార్జర్, గోడలో నిజంగా పనిచేసే ఎర్తింగ్ ఉంటే సగం రోగం పోతుంది. డ్యాక్‌కు ఆప్టికల్ ఇన్‌పుట్ ఉంటే ఇంకా నయం, ఆ దారిలో వెలుతురు తప్ప కరెంటు వెళ్లదు. నన్నడిగితే చవక డ్యాక్ కొన్నవాళ్లకు వినిపించే నిజమైన లాభం ఇదే, ల్యాప్‌టాప్ జాక్‌లోని గరగర పోవడం. దానికి హై-రెస్‌తో సంబంధం లేదు.

ఇంకో చిన్న పరీక్ష. ఆడాసిటీ అనే ఉచిత ఆడియో ఎడిటర్‌లో ప్రాజెక్ట్ రేటు 96,000 పెట్టి, ఒక ట్రాక్‌లో 30,000 హెర్ట్జ్, ఇంకో ట్రాక్‌లో 33,000 హెర్ట్జ్ టోన్ పది సెకన్లపాటు తయారుచేయండి. రెండింటికీ యాంప్లిట్యూడ్ 0.3 చాలు. మొదట్లో, చివర్లో ఫేడ్ పెట్టి 24 బిట్ వేవ్ ఫైలుగా దాచి, ఎక్స్‌క్లూజివ్ మోడ్‌లో వినండి. ఏమీ వినిపించకూడదు. సన్నగా 3,000 హెర్ట్జ్ ఈల వినిపిస్తే మీ డ్యాకో, యాంపో, హెడ్‌ఫోనో చెవికందని రెండు శబ్దాలను కలిపి చెవికందే చెత్తను పుట్టిస్తోందని అర్థం. అలాంటి సెట్‌లో హై-రెస్ ఫైలు 'వేరుగా' వినిపిస్తుంది. వేరుగా, మెరుగ్గా కాదు. ఒక హెచ్చరిక: ఏమీ వినిపించట్లేదని వాల్యూమ్ పెంచకండి. మీకు వినిపించకపోయినా ట్వీటర్ (కీచు శబ్దాల స్పీకర్) మీద పవర్ పడుతూనే ఉంటుంది, కాలిపోతుంది.

4. ఒకే పాట, రెండు ఫైళ్లు

చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే. ఆపిల్ మ్యూజిక్‌లో హై-రెస్ ఒకసారి, అల్మారాలోని సీడీ ఒకసారి విని తీర్పు చెప్పేస్తారు. ఆ రెండూ వేరు మాస్టర్లు కావచ్చు, అప్పుడు మీరు పోల్చింది ఇద్దరు ఇంజనీర్ల అభిరుచిని. అందుకని ఒకే ఫైలు నుంచి రెండోది మనమే తయారు చేయాలి.

స్పెక్ పరీక్షలో నెగ్గిన 24 బిట్ 96 ఫైలు తీసుకోండి. కొత్త రికార్డింగ్ అయితే మేలు, మృదంగమో ఘటమో తాళాలో ఉంటే ఇంకా మేలు. ఆ దెబ్బల పదునులోనే పై ఫ్రీక్వెన్సీలు ఎక్కువ. ఫూబార్‌లో కన్వర్ట్ తెరిచి, రీశాంప్లర్‌తో (శాంపిల్ రేట్ మార్చే సాధనం) 44,100కు, 16 బిట్లకు, డిథర్ (బిట్లు తగ్గించేటప్పుడు కలిపే సన్నటి సొద) ఆన్ చేసి దించండి. ఇది సీడీ స్థాయి ఫైలు.

ఆగండి, ఇంకో మెట్టుంది. ఈ ఫైలును మళ్లీ 24 బిట్ 96కి ఎక్కించండి. పోయిన సమాచారం తిరిగి రాదు, బిందెలో గిన్నెడు పాలే ఉంటాయి. మరి ఎందుకంటే, రేటు మారినప్పుడల్లా డ్యాక్ 'టక్' మంటుంది, లేదా అర సెకను తడబడుతుంది. ఆ టక్కును బట్టి ఏది ఏ ఫైలో చెవికి తెలిసిపోతుంది. రెండూ ఒకే రేటులో ఉంటే ఆ దొంగదారి మూసుకుపోతుంది.

5. పేరు చూడకుండా వినండి

ఫూబార్‌కు ఏబీఎక్స్ కంపారేటర్ అనే ఉచిత కాంపొనెంట్ ఉంది. దాన్ని చేర్చి, రెండు ఫైళ్లనూ ఎంచి, రైట్ క్లిక్ చేసి, యుటిలిటీస్‌లో ఏబీఎక్స్ నొక్కండి. ఏ అంటే ఒక ఫైలు, బీ అంటే రెండోది. ఎక్స్ అనేది ఆ రెండింటిలో ఏదో ఒకటి, అది ఏదన్నది కంప్యూటర్‌కే తెలుసు. విని మీరు చెప్పాలి.

పాట మొత్తం వినకండి. శబ్దం తాలూకు జ్ఞాపకం కొన్ని సెకన్లకే చెదిరిపోతుంది. ఐదు నుంచి పది సెకన్ల ముక్క ఎంచుకుని అదే తిప్పి తిప్పి వినండి. పదహారు రౌండ్లు ఆడతానని ముందే అనుకోండి, మధ్యలో మార్కులు చూసి ఆపేయకండి. బాగా వస్తున్నప్పుడు ఆపాలనిపించడం సహజం, పేకాటలో కూడా అంతే. ఆరేడు రౌండ్లయ్యాక చెవి అలసిపోతుంది, లేచి టీ తాగి రండి.

పదహారింటిలో 12 సరిగ్గా వస్తే ఆలోచించాల్సిన విషయమే. బొమ్మా బొరుసూ వేసినా అంత రావడానికి 4 శాతం లోపే అవకాశం. 10, 11 వస్తే ఏమీ తేలనట్టే. 12 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే మర్నాడు ఇంకో పాటతో మళ్లీ ఆడండి. అప్పుడూ వస్తే మీ చెవికి దండం, లేదా మూడో మెట్టులోని ఈల సంగతి మరోసారి చూసుకోండి. నాకు మొదటిరోజు 9, రెండోరోజు 7 వచ్చాయి. పాట చివర నెమ్మదిగా తగ్గిపోయే చోట వాల్యూమ్ మొత్తం పెంచితే 16 బిట్ల సొద పట్టుకున్నాను. కానీ ఆ వాల్యూమ్‌లో పాట మొదలైతే చెవుల సంగతి అంతే.

నా చెవి గురించి మరీ చిన్నబుచ్చుకోలేదు. అమెరికాలో బ్రాడ్ మేయర్, డేవిడ్ మోరన్ 2007లో అచ్చువేసిన పరీక్షలో హై-రెస్ డిస్కుల శబ్దాన్ని ఒకసారి నేరుగా, ఒకసారి సీడీ స్థాయికి దించి వినిపించారు. 554 ప్రయత్నాల్లో 276 సరైనవి, దాదాపు సగం. ఆ డిస్కుల్లో కొన్ని అసలు హై-రెస్సే కావన్న విమర్శ వచ్చింది, సబబైన విమర్శే. 2016లో లండన్ క్వీన్ మేరీ యూనివర్సిటీకి చెందిన జాషువా రైస్ 18 అధ్యయనాలను, 12,500కు పైగా ప్రయత్నాలను కలిపి లెక్కగడితే 52.3 శాతం వచ్చింది. ముందుగా శిక్షణ ఇచ్చి వినిపించిన వాళ్లు 60 శాతం దాకా వెళ్లారు. అంటే తేడా పూర్తిగా సున్నా అనలేం. సోఫాలో కూర్చుని పాట వినే మనిషికి ఆ రెండు శాతం ఎంతవరకు ముఖ్యమో ఎవరికి వారే ఆలోచించుకోవాలి.

6. రెండు డ్యాక్‌లను పోల్చాలంటే

ఇది కష్టం, ఎందుకంటే వాల్యూమ్ సమానం చేయాలి. సౌండ్ కాస్త ఎక్కువగా ఉన్నది మన మెదడుకు 'క్లియర్‌గా' అనిపిస్తుంది, ఎక్కువగా ఉందని మాత్రం తెలియదు. చెవితో సరిచేయడం కుదరదు, మల్టీమీటర్ కావాలి. కరెంటు పనివాళ్ల దగ్గర ఉండే చవక పసుప్పచ్చ మీటర్‌లో ఏసీ 200 వోల్టుల నుంచే మొదలవుతుంది, అది పనికిరాదు. 2 వోల్టుల ఏసీ చూపించేది తెచ్చుకోండి. 100 హెర్ట్జ్ టోన్ నడిపించి, హెడ్‌ఫోన్ తగిలించి ఉండగానే అవుట్‌పుట్ కొలవండి. రెండు డ్యాక్‌ల మధ్య తేడా ఒక శాతం లోపు ఉండాలి. ఒక శాతమంటే 0.1 డెసిబెల్ కన్నా తక్కువ. లైన్ అవుట్ (యాంప్‌కు వెళ్లే జాక్) అయితే చాలావాటిలో 2 వోల్టుల దగ్గర ఉంటుంది.

తర్వాత వైర్లు మార్చడానికి ఒక మనిషి కావాలి. నేను మా తమ్ముణ్ణి కూర్చోబెట్టాను. నేను గోడవైపు తిరిగి వింటూ, "ఇది కొత్తది, గొంతు ముందుకొచ్చింది... ఇది పాతది, కాస్త మూసుకుపోయింది" అంటూ ఎనిమిదిసార్లు చెప్పాను. వాడు అన్నీ రాసుకుని, చివర్లో, "అన్నా, వైరు పీకి మళ్లీ అందులోనే పెట్టాను. ఎనిమిదిసార్లూ పాతదే" అన్నాడు. కోపం వచ్చింది కానీ, అంతకన్నా మంచి పరీక్ష నేను పెట్టుకోలేకపోయేవాణ్ణి. మీ దగ్గర మాత్రం నాణెం ఎగరేసి మార్చమనండి.

7. హై-రెస్ ఫైలే బాగుందనిపిస్తే

అలాంటి ఆల్బమ్స్ ఉన్నాయి. కారణం సాధారణంగా మాస్టరింగ్. సీడీ కోసం అన్ని శబ్దాలనూ నెట్టి గట్టిగా చేసినవాళ్లే, హై-రెస్ కొనేవాళ్ల కోసం నెమ్మదైన చోట నెమ్మదిగా వదిలేసిన మాస్టర్ ఇస్తుంటారు. రెండింటినీ ఆడాసిటీలో తెరిచి అలల ఆకారం చూడండి. ఒకటి ఇటుక పేర్చినట్టు పైనుంచి కిందిదాకా నిండి ఉంటే, రెండోదానిలో శిఖరాలూ లోయలూ కనిపిస్తాయి. ఆ రెండోది దొరికితే నేను కూడా డబ్బు పెట్టి కొంటాను.

కొన్నాక నాలుగో మెట్టులోలాగే 16 బిట్ 44.1కి దించుకుంటాను. నాలుగు నిమిషాల పాట కుదించకుండా చూస్తే 24 బిట్ 192లో 276 ఎంబీ, సీడీ స్థాయిలో 42. ఫ్లాక్ చేస్తే రెండూ ఇంకా తగ్గుతాయి. పెద్ద ఫైళ్లు హార్డ్ డిస్క్‌లో పడుకుని ఉన్నాయి, ఫోన్‌లో తిరిగేవి చిన్నవే. డ్యాక్ మారుద్దామని దాచుకున్న డబ్బుతో హెడ్‌ఫోన్స్ కొన్నాను. ఆ తేడా కనిపెట్టడానికి ఏబీఎక్స్ అవసరం పడలేదు.